క్రోమ్ వదిలేయాలా? ఏ బ్రౌజర్ ఏ పనికి, ఎందుకు

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో క్రోమ్ తెరవగానే ఫ్యాన్ హోరెత్తుతోంది, మారాలా వద్దా అన్నది మొదటిది. తమ్ముడు బ్రేవ్ అంటున్నాడు, ఆఫీసులో ఎడ్జ్ అంటున్నారు, ఫైర్‌ఫాక్స్ పని అయిపోయిందని ఇంకొకరు చెప్పారు, ఎవరి మాట వినాలన్నది రెండోది. నాన్నగారు అదే లాప్‌టాప్‌లో జీఎస్టీ రిటర్నులు వేసుకుంటారు, ఆయన పని ఆగకూడదన్నది మూడోది. వెబ్‌సైట్లు అన్ని బ్రౌజర్లలోనూ సరిగ్గా నడుస్తున్నాయా లేదా అని పరీక్షించడమే చాలా ఏళ్లుగా నా ఉద్యోగం. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు నా అభిప్రాయం. మీరు రోజూ చదవడానికీ, వెతకడానికీ ఫైర్‌ఫాక్స్ పెట్టుకోండి. నాన్నగారి పోర్టల్ పనులకు ఎడ్జ్ వాడండి, అది ఎలాగూ విండోస్‌తో పాటే వచ్చింది. క్రోమ్‌ని పనిగట్టుకుని తీసేయనక్కర్లేదు, కానీ అన్నింటికీ అదొక్కటే దిక్కు అనుకోవద్దు. ఎందుకో ఇక చూద్దాం.

వేగం గురించి వాదించుకోవడం ఇప్పుడు దండగ. 2024 మార్చిలో వచ్చిన స్పీడోమీటర్ 3 అనే వేగ పరీక్షను ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కలిసి తయారుచేశాయి. అందరూ ఆ పరీక్షను ముందు పెట్టుకునే తమ బ్రౌజర్లకు సాన పడుతున్నారు. ఒకే లాప్‌టాప్‌లో ఒకే పేజీని పక్కపక్కన తెరిస్తే కంటికి తెలిసేంత తేడా చాలా అరుదు. మీకు తెలుస్తున్న నిదానమంతా ప్రకటనల వల్ల, ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) వల్ల, మూయకుండా వదిలేసిన ట్యాబ్‌ల వల్ల.

అసలు తేడా ఇంజిన్లో ఉంది. పేర్లు డజన్లకొద్దీ కనిపిస్తాయి గానీ, పేజీని తెర మీద గీసి చూపించే ఇంజిన్లు పెద్దవి మూడే. గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నింట్లోనూ ఉన్నది బ్లింకే. ఒకే ఇంజిన్ మీద వేర్వేరు బాడీలు కట్టించిన బస్సుల్లాంటివి ఇవి: సీట్లు, రంగు, టికెట్ కొట్టే పద్ధతి మారతాయి. మీ తమ్ముడు క్రోమ్ వదిలేసి బ్రేవ్‌కి వెళ్లాడంటే బాడీ మారింది, ఇంజిన్ మారలేదు.

ఇంతకుముందు పరిస్థితి ఇలా లేదు. ఒపెరాకి ప్రెస్టో అనే సొంత ఇంజిన్ ఉండేది, 2013లో దాన్ని వదిలేసింది. అదే ఏడాది గూగుల్ వెబ్‌కిట్ నుంచి చీలి బ్లింక్‌ని మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10తో పాటు సొంత ఇంజిన్‌తోనే ఎడ్జ్ తెచ్చింది, కానీ 2020 జనవరికల్లా చేతులెత్తేసి గూగుల్ క్రోమియం మీదికి, అంటే క్రోమ్‌కి పునాదిగా ఉన్న కోడ్ మీదికి, మారిపోయింది.

ఇది నాకు పెద్ద విషయమే. ఎందుకో చెప్పడానికి ఒక ఉదాహరణ. ఒక బుకింగ్ సైట్‌లో ఐఫోన్ వాడేవాళ్లకు మాత్రం ప్రయాణ తేదీ ఉండాల్సిన చోట ‘ఇన్‌వాలిడ్ డేట్’ అని వస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో క్రోమ్‌తో చూస్తే అంతా బాగానే ఉంది. తీరా చూస్తే సర్వర్ నుంచి వచ్చే తేదీకీ, సమయానికీ మధ్య ఖాళీ ఉంది. ప్రమాణం ప్రకారం అక్కడ టీ అనే అక్షరం ఉండాలి. క్రోమ్ పోనీలే అని సర్దుకుంది. ఐఫోన్‌లో ఉండే ఆపిల్ బ్రౌజర్ సఫారీ అప్పట్లో సర్దుకోలేదు. తప్పు సఫారీది అనుకున్నారు అందరూ, నిజానికి తప్పు రాసినవాళ్లది. క్రోమ్ ఒక్కదాంట్లోనే పరీక్షిస్తే ఇలాంటివి ఎప్పటికీ బయటపడవు. మెల్లగా ప్రమాణం పక్కకు పోయి, క్రోమ్ ఎలా నడుస్తుందో అదే ప్రమాణం అయి కూర్చుంటుంది.

ఇది మనం ఒకసారి చూసేశాం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. పోటీ చచ్చిపోయాక దాని తర్వాతి వెర్షన్ రావడానికి 2006 దాకా పట్టింది. ఐదేళ్లు వెబ్ అక్కడే ఆగిపోయింది. 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 రాకపోయి ఉంటే ఇంకా ఎన్నాళ్లు ఆగేదో. తెలుగువాళ్లకు అప్పటి ఫైర్‌ఫాక్స్‌తో ఇంకో బంధం కూడా ఉంది. ఈనాడు లాంటి పత్రికల సైట్లు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర పద్ధతిలో, కాకుండా సొంత డైనమిక్ ఫాంట్లలో ఉండేవి. ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప వేరేచోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ అక్షరాలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. బ్రౌజర్‌ని వాడేవాళ్లే తమ భాష కోసం సరిచేసుకోగలగడం అప్పుడు నేను మొదటిసారి చూశాను. ఆ బ్రౌజర్ మీద అభిమానం నాకు అక్కడే మొదలైంది, దాచుకోను.

ఇక మీ ఫ్యాన్ సంగతి. క్రోమ్ ర్యామ్ తినేస్తుందన్నది నిజమే, కానీ ఆ ర్యామ్ ఊరికే పోవడం లేదు. 2008లో వచ్చినప్పటి నుంచీ క్రోమ్ ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా, అంటే విడివిడి ప్రోగ్రాముల్లా, నడుపుతోంది, ఒకటి హ్యాంగ్ అయినా మిగతావి బతుకుతాయని. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ఒకే ప్రాసెస్‌లో ఉంటే ఒక సైట్ పక్క సైట్ సమాచారాన్ని దొంగచాటుగా చదివే వీలుందని తేలింది. దాంతో క్రోమ్ ఒక్కో సైట్‌ని విడి ప్రాసెస్‌లో పెట్టడం అందరికీ అమలు చేసింది. దీనివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగులే అప్పుడు చెప్పింది. మీ బ్యాంకు పేజీ పక్కన ఏదో పైరసీ సినిమా పేజీ తెరిచి ఉన్నప్పుడు ఆ 13 శాతమే మిమ్మల్ని కాపాడుతుంది. ఫైర్‌ఫాక్స్ ఈ పని పూర్తిచేసి అందరికీ ఇచ్చేసరికి 2021 చివరైంది. భద్రత విషయంలో క్రోమ్ బృందం ముందు నడిచిందనే చెప్పాలి. అది వాళ్ల నిజమైన బలం.

క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఒక చిన్న పట్టిక వస్తుంది. మెమరీ అని ఉన్న నిలువు వరుస మీద క్లిక్ చేస్తే ఎక్కువ తింటున్నవి పైకి వస్తాయి. ఎడ్జ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇదే మీట పనిచేస్తుంది. ఒక న్యూస్ సైట్ ట్యాబ్ తెరిచి అది చూడండి. వార్త నాలుగు పేరాలే ఉంటుంది. దాని కింద ప్రకటనల కోసం లోడైన ఫ్రేములు, తనంతట తానే ఆడే వీడియో, ట్రాకింగ్ స్క్రిప్టులు కలిసి వందల ఎంబీ లాగేస్తుంటాయి. ఎప్పుడో వేసి మర్చిపోయిన కూపన్ ఎక్స్‌టెన్షన్లు కూడా అక్కడ దొరుకుతాయి. ముందు వాటిని పీకేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేయండి. ఎడ్జ్‌లో ఇదే పనికి స్లీపింగ్ ట్యాబ్స్ ఉంది. చాలామందికి ఈ రెండు పనులతోనే ఫ్యాన్ శాంతిస్తుంది, బ్రౌజర్ మార్చాల్సిన అవసరం కూడా రాదు.

అయినా మారమంటున్నాను, ఎందుకంటే ఆ ప్రకటనల ఫ్రేములను ఆపే విషయంలో ఇప్పుడు బ్రౌజర్ల మధ్య నిజమైన తేడా వచ్చింది. పాత పద్ధతిలో, పేజీ నుంచి బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననూ యాడ్ బ్లాకర్ చూసి, ‘ఇది వద్దు’ అని అప్పటికప్పుడు ఆపగలిగేది. క్రోమ్ తెచ్చిన మ్యానిఫెస్ట్ వీ3 అనే కొత్త పద్ధతిలో యాడ్ బ్లాకర్ ముందుగానే ఒక నియమాల జాబితా ఇచ్చి ఊరుకోవాలి. ఏది ఆపాలో బ్రౌజర్ చూసుకుంటుంది. ఆ జాబితాకీ పరిమితి ఉంది. దీనివల్ల, అందరికన్నా బాగా పనిచేసే యాడ్ బ్లాకర్ యూబ్లాక్ ఆరిజిన్‌ని క్రోమ్ 2024 చివరి నుంచి 2025 మధ్యకల్లా దశలవారీగా ఆపేసింది. దాని బదులు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. మామూలు ప్రకటనలకు అది బాగానే సరిపోతుంది గానీ, మొండి సైట్ల దగ్గర పాతదానికి సాటిరాదు.

గూగుల్ చెప్పే కారణంలో నిజం లేకపోలేదు. ప్రతి అభ్యర్థననూ చూడగలిగే ఎక్స్‌టెన్షన్ మంచివాళ్ల చేతిలో ఉన్నంతసేపే మంచిది. దాన్ని ఎవరైనా కొనేసి అప్‌డేట్‌లో విషం కలిపితే మీ బ్రౌజింగ్ అంతా వాళ్లకు కనిపిస్తుంది. కానీ ఆ హక్కు ఇవ్వాలా వద్దా అన్నది వాడేవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. ఫైర్‌ఫాక్స్ కొత్త పద్ధతిని కూడా తీసుకుని, పాత శక్తిని తీసేయకుండా ఉంచింది. పెద్ద బ్రౌజర్లలో యూబ్లాక్ ఆరిజిన్ ఏ అడ్డంకీ లేకుండా పూర్తి బలంతో నడిచేది ఇప్పుడు అందులోనే.

ఇక్కడే డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. గూగుల్ ఆదాయంలో సింహభాగం ప్రకటనలది. థర్డ్ పార్టీ కుకీలను, అంటే మీరు ఒక సైట్‌లో ఉంటే వేరే కంపెనీ మిమ్మల్ని గుర్తుపట్టే ఏర్పాటును, సఫారీ 2020 మార్చికల్లా పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కో సైట్ కుకీలను ఆ సైట్‌కే పరిమితం చేస్తోంది. క్రోమ్ కూడా తీసేస్తానని 2020 జనవరిలో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచననే వదులుకుంది. అక్కడి ఇంజనీర్లు చెడ్డవాళ్లని నేను అనను, వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ప్రకటనలమ్మే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే తూకం ఎటు మొగ్గుతుందో ఈ నాలుగేళ్ల కథ చూస్తే అర్థమవుతుంది.

అలాగని ఫైర్‌ఫాక్స్ పూర్తిగా కడిగిన ముత్యమని చెప్పలేను. మొజిల్లా ఆదాయంలో అత్యధిక భాగం, గూగుల్‌ని డిఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే. 2024 ఆగస్టులో అమెరికా కోర్టు, సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పు చెప్పినప్పుడు మొజిల్లాకే ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన తదుపరి తీర్పులో క్రోమ్‌ని అమ్మాల్సిన పనిలేదన్నారు, డిఫాల్ట్ కోసం చెల్లింపులను కూడా పూర్తిగా నిషేధించలేదు. దాంతో ఫైర్‌ఫాక్స్ ఊపిరి పీల్చుకుంది. 2025 ఫిబ్రవరిలో ‘మీ డేటా ఎప్పటికీ అమ్మం’ అన్న మాటను మొజిల్లా తన పేజీ నుంచి తీసేసి, వాడేవాళ్లు గట్టిగా నిలదీశాక వివరణ ఇచ్చి, షరతులు తిరగరాసింది. నాకది బాధ కలిగించింది. నమ్మకం మీదే బతికే బ్రౌజర్ అలా చేయకూడదు.

వాడకంలో లోపాలూ ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ వాటా ఒకప్పుడు దాదాపు మూడో వంతు, ఇప్పుడు ఐదు శాతం లోపు. అందుకని చాలా కంపెనీలు అందులో పరీక్షించడమే మానేశాయి. ఒక ఫారం సబ్మిట్ కాకపోతే అది మీ తప్పో, సైట్ తప్పో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. పేజీలోంచే నేరుగా యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే సౌకర్యం కూడా కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో లేదు. ఎలక్ట్రానిక్స్ బోర్డులు ప్రోగ్రామ్ చేసే విద్యార్థులు ఇక్కడ ఇబ్బంది పడొచ్చు.

‘పని అయిపోయింది’ అన్నవాళ్లు మాత్రం ఈ మధ్య దాన్ని తెరిచి చూసి ఉండరు. మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఒకే విండోలో రెండు జీమెయిల్ లాగిన్లు, ఆఫీసుది ఒక రంగులో, ఇంటిది ఇంకో రంగులో, ఒకదాని కుకీలు ఒకదానికి తెలియకుండా నడుస్తాయి. ఇంత సులువుగా మిగతావాటిలో కుదరదు, వేరే ప్రొఫైల్ తెరవాలి. తెలుగు చదివేవాళ్లకు ఇంకొకటి: సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే భాషల జాబితా వస్తుంది. తెలుగు ఎంచుకుని ఏ ఫాంట్ కావాలో, కనీస సైజు ఎంతో పెట్టుకోవచ్చు. నేను మండలి పెట్టుకున్నాను. సైట్ తనంతట తాను తెలుగు ఫాంట్ ఇవ్వని చోటల్లా అదే కనిపిస్తుంది, ఒత్తులు స్పష్టంగా ఉంటాయి, సాయంత్రానికి కళ్లు లాగవు. క్రోమ్‌లో ఒక్క తెలుగుకే విడిగా ఇలా పెట్టుకునే వీలు సెట్టింగ్స్‌లో లేదు. దాని బదులు పేజీ మొత్తాన్ని తెలుగులోకి అనువదించి చూపడం క్రోమ్‌లో తేలిక, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు అది నిజంగా పెద్ద ఉపకారం.

ఎడ్జ్ గురించి జనం తక్కువ మాట్లాడతారు, మంచి బ్రౌజర్. పేజీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కితే గట్టిగా చదివి వినిపిస్తుంది. తెలుగుకి శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి. చాలావరకు మనిషి చదివినట్టే ఉంటాయి. చూపు మందగించిన పెద్దవాళ్లున్న ఇంట్లో ఇదొక్కటే చాలు, ఎడ్జ్ ఉంచుకోవడానికి. దానికున్న జబ్బు ఒక్కటే, తోసుకురావడం. కొత్త ట్యాబ్ తెరిస్తే వార్తలు, షాపింగ్ సలహాలు, బింగ్, కోపైలట్ అన్నీ మీద పడతాయి. మీరు వేరే బ్రౌజర్‌ని డిఫాల్ట్ చేసుకున్నా, విండోస్ సెర్చ్‌లోంచి తెరిచిన లింకులు మన దేశంలో ఎడ్జ్‌లోకే పోతాయి. సెట్టింగ్స్‌లో కూర్చుని ఒక్కొక్కటే ఆపుకోవాలి.

నాన్నగారికి ఎడ్జ్ ఎందుకన్నానంటే, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (కంప్యూటర్‌కి తగిలించే, సంతకం దాచిన చిన్న పరికరం) వాడే పోర్టల్స్‌లో బ్రౌజర్ నేరుగా ఆ టోకెన్‌ని తాకదు. ఒకప్పుడు ఆ పని జావా ప్లగిన్ చేసేది. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ రకం ప్లగిన్లను తీసేశాయి. ఇప్పుడు ఎమ్‌సైనర్ అనే చిన్న ప్రోగ్రామ్ మీ లాప్‌టాప్‌లోనే నడుస్తూ పోర్టల్ పేజీతో మాట్లాడుతుంది. సంతకం దగ్గర ఆగిపోతే చాలాసార్లు కారణం ఆ ప్రోగ్రామ్ ఆన్‌లో లేకపోవడమో, దాని సర్టిఫికెట్‌ని బ్రౌజర్ ఒప్పుకోకపోవడమో. ఫైర్‌ఫాక్స్‌లో ఈ రెండోది ఎక్కువ ఎదురవుతుంది. గడువు రోజు రాత్రి దానితో కుస్తీ పట్టడం ఎందుకు? పైగా ఏదైనా పాత శాఖ సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలంటే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. అసలు ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్‌లో ఆపేసినా, ఈ మోడ్‌ని కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఒకసారి సైట్‌ని అందులో చేరిస్తే 30 రోజులే గుర్తుంచుకుంటుంది, తర్వాత మళ్లీ చేర్చాలి.

బ్రేవ్ విషయంలో మీ తమ్ముడి మాట సగం సరైనదే. యాడ్ బ్లాకర్ బ్రౌజర్‌లోపలే ఉంది కాబట్టి మ్యానిఫెస్ట్ వీ3 దెబ్బ దానికి తగల్లేదు. ఏమీ సెట్ చేయకుండా వాడేవాళ్లకు అంతకన్నా సులువైనది లేదు. దాన్ని మొదలుపెట్టిన బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ని సృష్టించినవాడు. అయితే 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తే బ్రేవ్ తన కమీషన్ కోడ్ కలిపేస్తోందని బయటపడింది. క్షమాపణ చెప్పి తీసేశారు. క్రిప్టో వాలెట్, రివార్డులు ఇప్పటికీ అందులో ఉన్నాయి, వాటి జోలికి పోకుండా వాడుకోవచ్చు. క్రోమియం మీద కట్టిన వాటన్నింటిలో ఇంకో సంగతి గమనించాలి. భద్రతా లోపానికి మందు ముందు క్రోమ్‌కి వస్తుంది, మిగతావి దాన్ని తీసుకుని విడుదల చేసేదాకా ఆగాలి. బ్రేవ్, ఎడ్జ్ త్వరగానే ఇస్తాయి. ఊరూ పేరూ లేనివి ఎప్పుడిస్తాయో చెప్పలేం.

మిగతావి క్లుప్తంగా. ఒపెరా 2016లో చైనా సంస్థల చేతికి వెళ్లింది. అందులో ఉచితంగా ఇచ్చే వీపీఎన్ కాపాడేది ఆ బ్రౌజర్ ట్రాఫిక్‌నే, కంప్యూటర్ మొత్తాన్ని కాదు. వివాల్డీ, ట్యాబ్‌లను రకరకాలుగా సర్దుకునే సరదా ఉన్నవాళ్లకు. జోహో వాళ్ల ఉలా 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వ బ్రౌజర్ పోటీలో మొదటి బహుమతి, కోటి రూపాయలు, గెలిచింది. మనవాళ్లు చేశారని నాకూ సంతోషమే. లోపల ఉన్నది మాత్రం బ్లింకే.

ఫోన్‌లో తేడా ఇంకా ఎక్కువ. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకోలేరు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోవచ్చు. తెలుగు వార్తా సైట్లు ఒకసారి అలా చూస్తే మళ్లీ పాతదానికి వెళ్లబుద్ధి కాదు. ఐఫోన్‌లో ఏ పేరుతో బ్రౌజర్ వేసుకున్నా మన దగ్గర లోపల వెబ్‌కిట్టే. ఐరోపాలో అయితే 2024 నుంచి చట్టం వల్ల వేరే ఇంజిన్లకు దారి తెరిచారు. అందుకే ఐఫోన్‌కి సఫారీతోనే ఉండమంటాను, బ్యాటరీ కూడా కలిసొస్తుంది.

2025లో వచ్చిన కామెట్, అట్లాస్ లాంటి ఏఐ బ్రౌజర్ల గురించి మీరు అడగలేదు, కానీ తమ్ముడు రేపు అడుగుతాడు. పేజీలో దాచిపెట్టిన మాటలను ఆ ఏఐ ఆజ్ఞగా తీసుకుని, మీ లాగిన్‌తోనే మీకు తెలియకుండా పనులు చేసే ప్రమాదం ఉందని పరిశోధకులు చూపించారు. బ్యాంకు, జీఎస్టీ లాగిన్లు ఉన్న లాప్‌టాప్‌లో అలాంటివి ఇప్పుడే వద్దు.

మారేటప్పుడు బుక్‌మార్కులు ఫైర్‌ఫాక్సే తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్‌లను క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి సీఎస్‌వీ ఫైల్‌గా దించుకుని ఇక్కడ ఎక్కించండి. ఆ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటాయి. పని అవ్వగానే దాన్ని తీసేసి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తుడిచేయండి, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపుకోకండి. లాప్‌టాప్ ఇద్దరు వాడతారు కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్, అంటే దాచిన పాస్‌వర్డ్‌లన్నింటికీ కలిపి ఒక తాళం, పెట్టుకోండి. నాన్నగారికి సంతకం దగ్గర ఏదైనా ఎర్రర్ వస్తే, తెర మీద కనిపించిన మాటలను ఉన్నదున్నట్టు రాసి పంపండి, చూసి చెబుతాను.